ఒక గంట ఐస్ కోసం: కెనడా ఊళ్లలో హాకీ ఎలా నడుస్తుంది

కెనడాలో హాకీ ఆడే పిల్లలున్న ఇంట్లో సెప్టెంబర్ వచ్చిందంటే 'ఐస్ టైమ్' అనే మాట రోజుకు నాలుగైదు సార్లు వినపడుతుంది. ఈ వారం ఐస్ టైమ్ ఎన్నింటికి? శనివారం ఐస్ దొరికిందా? పొద్దున్నే ఆరింటికి ఇచ్చారట, ఎవరు తీసుకెళ్తారు? మనకు హాకీ అంటే మైదానం గుర్తొస్తుంది. అక్కడ హాకీ అంటే ఐస్ హాకీయే, ముందు 'ఐస్' అని చేర్చాల్సిన పనే లేదు. 1994లో అక్కడి పార్లమెంటు దాన్ని చలికాలపు జాతీయ క్రీడగా, వల కట్టిన కర్రలతో బంతి ఆడే లక్రాస్‌ను వేసవి జాతీయ క్రీడగా గుర్తిస్తూ చట్టం కూడా చేసింది.

హాకీ కెనడా అనే జాతీయ సంస్థలో నమోదైన ఆటగాళ్లు ఐదు లక్షల పైమాటే. వాళ్లలో ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద ప్రొఫెషనల్ లీగ్ దాకా వెళ్లేది ఏ కొద్దిమందో. మిగతా అందరి ఆటా ఊరి రింక్‌లోనే, అంటే ఐస్ పరిచిన ఆటస్థలంలోనే, మొదలై అక్కడే ముగుస్తుంది. ఆ ఊరి ఆటను నడిపించేది గంటల లెక్కన అద్దెకిచ్చే ఐస్. ఫీజు ఎంత, ఆడపిల్లలకు ఏ వేళ దొరుకుతుంది, కోచ్ ఎంత నేర్పగలడు, ఏ ఊళ్లో టీమ్ నిలుస్తుంది అనే ప్రశ్నల్లో దేన్ని పట్టుకుని లాగినా చివరికి ఆ గంట దగ్గరికే చేరతాం.

ముందు ఆ గంట ఎలా తయారవుతుందో చూడాలి. తెల్లవారుజామున గడ్డి మీద కనపడేదాన్నీ మనం మంచే అంటాం, హిమాలయాల మీద ఉన్నదాన్నీ మంచే అంటాం. రింక్‌లో ఉండేది మాత్రం యంత్రాలు పెట్టి తయారుచేసిన ఐస్. పూర్తి సైజు రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. కాంక్రీటు నేలలో మైళ్ల పొడవున పైపులు పరిచి ఉంటాయి. సున్నా డిగ్రీల కంటే బాగా దిగువన కూడా గడ్డకట్టని ఉప్పునీళ్లు వాటిలో తిరుగుతుంటాయి. ఆ ఉప్పునీళ్లను చల్లబరిచేది చాలా రింకుల్లో అమ్మోనియా యంత్రం. నేల చల్లబడ్డాక నీళ్లు పలచగా చల్లుతారు, పొర గట్టిపడ్డాక మళ్లీ చల్లుతారు. మధ్యలో తెల్ల రంగు వేసి, గీతలు గీసి, పైన ఇంకా కొన్ని పొరలు కడతారు. అంతా కలిపి మందం అంగుళం, అంగుళంపావు. మరీ పలచబడితే స్కేట్ బ్లేడు కాంక్రీటుకు తగులుతుంది, మందం పెరిగితే కరెంటు బిల్లు పెరుగుతుంది.

ఆట జరిగాక ఐస్ మీద గీతలు పడతాయి, పొడి లేస్తుంది. దాన్ని చెక్కి, కడిగి, పైన వేడినీళ్ల పొర పరిచే బండి జాంబోనీ. కాలిఫోర్నియాలో రింక్ నడిపిన ఫ్రాంక్ జాంబోనీ 1949లో దీన్ని తయారుచేశాడు. వేడినీళ్లు ఎందుకంటే అవి పైపొరను కాస్త కరిగించి గీతల్లోకి దిగి అతుక్కుంటాయి. ఈ పనికి సుమారు పది నిమిషాలు పడుతుంది. అందుకే చాలాచోట్ల గంట అద్దె కడితే ఆటకు మిగిలేది యాభై నిమిషాలే. కోచ్ ప్రణాళిక, తల్లిదండ్రుల పరుగులు, పిల్లల లేసులు కట్టడం అన్నీ ఆ యాభైకి సరిపోవాలి.

ఇక్కడ ఒక ఆర్థిక సూత్రం ఉంది. లోపల ఎవరు ఆడినా, ఎవరూ ఆడకపోయినా ఐస్‌ను చల్లగా ఉంచక తప్పదు, కంప్రెసర్ తిరగక తప్పదు. ఖాళీగా పోయిన గంటకూ ఖర్చు దాదాపు అంతే. అందుకని రింక్ యాజమాన్యం, అంటే ఎక్కువచోట్ల మునిసిపాలిటీ, తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా గంటలన్నీ నింపాలని చూస్తుంది. స్కూళ్లు వదిలాక సాయంత్రాలు, వారాంతాలు 'ప్రైమ్ టైమ్'. చాలా పట్టణాల్లో ఆ వేళల్లో గంటకు రెండు మూడు వందల డాలర్లు పలకడం మామూలే. ఆరేడేళ్ల పిల్లలు నిద్రమత్తులో పొద్దున ఆరింటికి రింక్‌కు రావడం చూసి వాళ్ల పట్టుదలను మెచ్చుకుంటారు. ఆ పట్టుదల నిజమే. కానీ వాళ్లను ఆ వేళకు లేపేది ఐస్ టైమ్ షెడ్యూలు.

ఒకప్పుడు ఇలా లేదు. నదులు, చెరువులు గడ్డకట్టేవి, ఆట ఉచితం. 1875 మార్చి 3న మాంట్రియల్‌లోని విక్టోరియా స్కేటింగ్ రింక్‌లో జరిగిన మ్యాచ్‌ను ఇండోర్‌లో పద్ధతిగా జరిగిన మొదటి ఆటగా చరిత్రకారులు లెక్కిస్తారు. పైకప్పు ఉన్నా అక్కడ ఐస్ మాత్రం చలికి గడ్డకట్టినదే. యంత్రంతో ఐస్ చేసే రింకులు కెనడాకు 1911లో వచ్చాయి. హాకీ ఆటగాళ్లైన పాట్రిక్ సోదరులు పశ్చిమ తీరంలోని వాంకూవర్, విక్టోరియా నగరాల్లో వాటిని కట్టారు. అక్కడ చలి తక్కువ, సహజమైన ఐస్ నమ్మకంగా దొరకదు. చలి చాలనిచోట పుట్టిన అవసరమే తర్వాత దేశమంతటికీ పద్ధతి అయింది.

ఊళ్లలో రింకులు రెండు పెద్ద అలలుగా వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చనిపోయిన సైనికుల జ్ఞాపకంగా కట్టినవి మొదటి అల. దేశంలో ఎక్కడికి వెళ్లినా 'మెమోరియల్ అరీనా' కనపడడానికి కారణం ఇదే. 1967లో కెనడా సమాఖ్యకు వందేళ్లు నిండినప్పుడు రెండో అల వచ్చింది. 'సెంటెనియల్ అరీనా'లు ఆ కాలానివి. ఊరి పెళ్లి విందులు, ఎన్నికల సభలు, వరదలొస్తే తలదాచుకోవడం అన్నీ ఆ కప్పు కిందే జరిగాయి. మన పల్లెల్లో రచ్చబండ, బడి, గుడి విడివిడిగా చేసే పనులు అక్కడ చాలావరకు రింక్ ఒక్కటే చేసింది.

ఇప్పుడు ఆ భవనాలన్నీ ఒకేసారి ముసలివయ్యాయి. పైకప్పులు, పైపులు, గేర్ మార్చుకునే గదులు మార్చాల్సిన దశకు వచ్చాయి. అన్నింటికంటే ప్రమాదకరమైన పాత భాగం మాత్రం ఎవరికీ కనపడని యంత్రాల గదిలో ఉంటుంది. 2017 అక్టోబర్ 17న బ్రిటిష్ కొలంబియాలోని ఫర్నీ అనే పర్వత పట్టణంలో మెమోరియల్ అరీనాలో అమ్మోనియా లీకై ముగ్గురు చనిపోయారు. ముగ్గురూ ఆ యంత్రం పనిమీద ఉన్నవాళ్లే. ఉప్పునీళ్లను చల్లబరిచే, కాలం తీరిన చిల్లర్‌లో లీకు ఉందని నెలల ముందే తెలిసిందని, దాన్ని మార్చాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి వాయిదా పడిందని ఆ తర్వాతి దర్యాప్తు తేల్చింది. పట్టణ బడ్జెట్‌లో చిల్లర్ అనేది ఎవరికీ ఓట్లు తేని పద్దు. కొత్త స్కోర్‌బోర్డు వేస్తే అందరికీ కనపడుతుంది, కొత్త చిల్లర్ వేస్తే ఎవరికీ కనపడదు. ఫర్నీ తర్వాత చాలా పట్టణాలు తమ యంత్రాలను తనిఖీ చేయించుకున్నాయి. కొన్నిచోట్ల కార్బన్ డయాక్సైడ్‌తో పనిచేసే పద్ధతికి మారుతున్నారు. చల్లబరిచేటప్పుడు బయటికి వచ్చే వేడితో పక్కనే ఉన్న ఈతకొలనును, గదులను వెచ్చబెట్టే ఏర్పాట్లూ పెరిగాయి. ముగ్గురి ప్రాణాలు పోయాక గానీ యంత్రాల గది సంగతి కౌన్సిల్ సమావేశాల్లో ముందుకు రాకపోవడం బాధాకరం.

తయారైన గంటలను పంచడం ఇంకో కథ. పట్టణంలో 'మైనర్ హాకీ అసోసియేషన్' అని ఒకటి ఉంటుంది. ఎక్కువగా తల్లిదండ్రులే జీతం లేకుండా నడుపుతారు. వయసును బట్టి యూ7 (ఏడేళ్ల లోపు), యూ9, యూ11, యూ13, యూ15, యూ18 అని విభాగాలు. 2020 వరకు వీటికి నోవిస్, ఆటమ్, పీవీ, బాంటమ్, మిడ్జెట్ లాంటి పేర్లుండేవి. పొట్టిగా ఉండేవాళ్లను అవమానించే మాట కావడంతో 'మిడ్జెట్' పోవాలని వచ్చిన ఒత్తిడి ఈ మార్పుకు ఒక కారణం. చాలా వయసుల్లో రెండు దారులున్నాయి. ఎవరైనా చేరగలిగిన హౌస్ లీగ్ ఒకటి, ట్రైఅవుట్స్‌లో ఎంపికైనవాళ్లు వేరే ఊళ్లతో ఆడే రెప్ టీమ్ ఇంకొకటి. రెప్‌లో మళ్లీ ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. అక్షరాలు పెరిగే కొద్దీ ఐస్ టైమ్, ప్రయాణం, ఖర్చు పెరుగుతాయి.

పదేళ్ల పిల్లల్లో ఎవరు ట్రిపుల్ ఏకు తగినవాళ్లో తేల్చడం నిజానికి ఎవరివల్లా కాదు. జనవరిలో పుట్టినవాడికి అదే ఏడాది డిసెంబర్‌లో పుట్టినవాడి కంటే దాదాపు ఏడాది ఒంటి బలం ఎక్కువ. ఆ తేడానే చాలాసార్లు ప్రతిభ అనుకుని ఎంచుకుంటారు. ఎంపికైన పిల్లవాడికి ఎక్కువ గంటలు దొరుకుతాయి, ఆ గంటల వల్ల నిజంగానే మెరుగవుతాడు, ఎంపిక సరైనదేనని అందరికీ అనిపిస్తుంది. మొదట్లో ఉన్న కొద్దిపాటి తేడా ఐస్ టైమ్‌తో స్థిరపడిపోతుంది.

ఆడపిల్లలకు ఈ పంపకంలో చాలాకాలం మిగిలింది అడుగుబొడుగే. 1950ల మధ్యలో టొరంటోలో అబీ హాఫ్‌మన్ అనే చిన్నపిల్ల జుట్టు కత్తిరించుకుని, పేరు కుదించుకుని మగపిల్లల లీగ్‌లో ఆడింది. తర్వాత ఆమె ఒలింపిక్ పరుగుల క్రీడాకారిణి అయింది. 1980ల్లో జస్టిన్ బ్లైనీ మగపిల్లల జట్టులో ఆడే హక్కు కోసం కోర్టుకెక్కింది. క్రీడల్లో లింగభేదాన్ని అనుమతించే ఒంటారియో చట్టంలోని నిబంధనను 1986లో అప్పీలు కోర్టు కొట్టేసింది. జట్టులో చోటు వచ్చినా ఐస్ రాలేదు. మంచి వేళలన్నీ దశాబ్దాలుగా మగపిల్లల సంఘాల దగ్గరే ఉన్నాయి. 'నిరుడు వాడినవాళ్లకే ఈ ఏడూ' అన్న ఆనవాయితీ వాటిని అలాగే ఉంచింది. 2009లో టొరంటోలో ఆడపిల్లల సంఘం ఈ పద్ధతిని బహిరంగంగా ప్రశ్నించింది. నగరానికి సమాన పంపకం విధానం ఉన్నా కొన్ని రింకులు దాన్ని పాటించడం లేదని అప్పుడు పెద్ద చర్చ జరిగింది. 2024 జనవరి 1న టొరంటోలోనే మహిళల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ మొదలైంది. ఆ ఆటలు చూసి చేరాలనుకునే పిల్లలకు సాయంత్రం ఆరింటి ఐస్ ఇస్తారా, రాత్రి తొమ్మిదింటిదా అన్నది ఇప్పటికీ ఊరూరా తేలాల్సిన విషయమే.

శిక్షణలో ఈమధ్య వచ్చిన మంచి మార్పు కూడా ఐస్ లెక్కతో ముడిపడిందే. ఐదారేళ్ల పిల్లలను పూర్తి రింక్‌లో ఆడిస్తే ఏం జరుగుతుంది? బాగా స్కేట్ చేసే ఒకరిద్దరు పక్, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల, తీసుకుని ఆ చివర నుంచి ఈ చివరకు పోతుంటారు, మిగతావాళ్లు వెనకాల ఈదుతున్నట్టు వస్తుంటారు. ఆట మొత్తంలో పక్ ఒక్కసారైనా తగలని పిల్లలుంటారు. హాకీ కెనడా 2017-18 నుంచి చిన్న వయసు వాళ్లకు పూర్తి రింక్ ఆటలు ఆపేసి, అడ్డంగా తెరలు పెట్టి సగం ఐస్ మీదో అంతకంటే తక్కువ జాగాలోనో ఆడించాలని నియమం పెట్టింది. తర్వాత అది యూ9కూ వచ్చింది. చోటు తగ్గితే మలుపులు, పాసులు, షాట్లు ఎక్కువవుతాయి. ఒకే గంటలో రెండు ఆటలు నడుస్తాయి, ఖర్చు సగమవుతుంది. అయినా చాలామంది తల్లిదండ్రులు ఇది 'అసలు హాకీ కాదు' అని గొడవపడ్డారు. టీవీలో చూసేదాన్నే చిన్న సైజులో చూడాలన్న కోరిక అది. పెద్దవాళ్ల చెప్పులు వేసి పిల్లవాడిని నడవమన్నట్టే ఉంది ఆ కోరిక. ఈ విషయంలో సంస్థ వెనక్కి తగ్గకపోవడం మంచిదైంది.

ఇంకో మార్పు ఒంటికి సంబంధించింది. ప్రత్యర్థిని ఒళ్లు అడ్డం పెట్టి గుద్దడాన్ని బాడీ చెకింగ్ అంటారు. ఒకప్పుడు ఆల్బర్టాలో పదకొండేళ్లకే అది మొదలయ్యేది, క్యూబెక్‌లో ఆ వయసులో నిషేధం. ఈ తేడాను వాడుకుని కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండు రాష్ట్రాల పిల్లలను పోల్చారు. గుద్దడానికి అనుమతి ఉన్నచోట తలకు దెబ్బతగిలి మెదడు అదిరే కంకషన్ వచ్చే ముప్పు మూడు రెట్లకు పైగా ఉందని 2010లో ప్రచురించారు. 2013లో హాకీ కెనడా ఆ వయసు విభాగంలో దేశమంతటా బాడీ చెకింగ్ ఆపేసింది. 'పిల్లలు ముందే నేర్చుకుంటే తర్వాత దెబ్బలు తగలవు' అనే పాత నమ్మకం లెక్కల ముందు నిలవలేదు.

ఇక డబ్బు. స్కేట్లు, స్టిక్, హెల్మెట్, మోచేతి, మోకాలి రక్షణలు, గ్లోవ్స్, బ్యాగు కావాలి. పిల్లలు పెరుగుతారు కాబట్టి మళ్లీ కావాలి. గోలీ, అంటే గోల్‌కీపర్, గేర్ ఇంకా ఖరీదు, అందుకే చాలా సంఘాలు చిన్న పిల్లల గోలీ ప్యాడ్లను తామే కొని అరువిస్తాయి. రెప్ టీమ్ అంటే వీటిపైన ప్రయాణాలు, హోటళ్లు, వసంతంలో 'స్ప్రింగ్ హాకీ', ప్రైవేటు స్కిల్స్ క్యాంపులు. 2007లో ఫెడరల్ ప్రభుత్వం పిల్లల ఆటల ఫీజుపై ఆదాయపు పన్నులో రాయితీ ఇచ్చింది, 2017లో తీసేసింది. పన్ను కట్టేంత ఆదాయం లేనివాళ్లకు అది పెద్దగా అందలేదు కూడా. అంతకంటే నేరుగా పనికొచ్చేవి కెనేడియన్ టైర్ దుకాణాల 'జంప్‌స్టార్ట్', 'కిడ్‌స్పోర్ట్' లాంటి సహాయ నిధులు. తక్కువ ధరకు తలనుంచి కాలిదాకా గేర్ ఇచ్చి కొన్ని క్లాసులు చెప్పే 'ఫస్ట్ షిఫ్ట్' కార్యక్రమం కూడా అలాంటిదే.

ఇంత కష్టపడి కట్టే ఫీజు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న 2022లో దేశాన్ని కుదిపేసింది. రిజిస్ట్రేషన్ ఫీజుల్లోంచి కూడా పోగుచేసిన 'నేషనల్ ఈక్విటీ ఫండ్' నుంచి లైంగిక దాడి ఫిర్యాదుల్లో పరిహారాలు ఇచ్చారని బయటపడింది. 1989 నుంచి అలా తొమ్మిది ఒప్పందాలకు 76 లక్షల డాలర్లు ఇచ్చినట్టు హాకీ కెనడా పార్లమెంటరీ కమిటీ ముందు ఒప్పుకుంది. ప్రభుత్వం నిధులు ఆపింది, స్పాన్సర్లు తప్పుకున్నారు, అక్టోబర్‌లో సీఈఓ, బోర్డు వైదొలిగారు. పొద్దున్నే రింక్ తలుపు తెరిచి, స్కోరు రాసి, కాఫీ అమ్మి సంఘం నడిపిన వేలమంది తల్లిదండ్రులకు ఇది నమ్మకద్రోహంగా అనిపించడంలో వింత లేదు.

చిన్న ఊళ్లలో ఈ లెక్క ఇంకో రూపం తీసుకుంటుంది. గంటలు బోలెడు ఖాళీ, ఆడటానికి పిల్లలే తక్కువ. సస్కాచువాన్ మైదానాల్లో రెండు మూడు ఊళ్ల పిల్లలు కలిస్తేగానీ ఒక టీమ్ కాదు. ప్రత్యర్థి వంద, రెండు వందల కిలోమీటర్ల అవతల. అందుకే అక్కడ హాకీ జీవితంలో సగం బస్సులోనే గడుస్తుంది. 2018 ఏప్రిల్ 6న హంబోల్ట్ బ్రాంకోస్ జూనియర్ జట్టు నిపావిన్‌లో ప్లేఆఫ్ ఆటకు వెళ్తుంటే వాళ్ల బస్సు, ఒక లారీ కూడలిలో ఢీకొన్నాయి. 16 మంది చనిపోయారు, 13 మంది గాయపడ్డారు. హంబోల్ట్ జనాభా ఆరు వేల చిల్లర, ఆ టీమ్ ఊరి సొత్తు. ఇళ్ల ముందు గుమ్మాల దగ్గర హాకీ స్టిక్కులు నిలబెట్టి, లైటు వెలిగించి దేశమంతా సంతాపం తెలిపింది. దూరాల నుంచి వచ్చి, ఆటగాళ్లకు చోటిచ్చే బిల్లెట్ కుటుంబాల ఇళ్లలో ఉంటూ ఆడే కుర్రాళ్లు చనిపోయినవాళ్లలో ఉన్నారు. ఆ కుర్రాళ్లకు అన్నం పెట్టిన ఇళ్లకు కూడా పిల్లలు పోయినట్టే అయింది. ఆ తర్వాత భారీ వాహన డ్రైవర్లకు తప్పనిసరి శిక్షణ నియమాలను పలు రాష్ట్రాలు కఠినం చేశాయి.

ఇలాంటి ఊళ్లలో రింక్ బాగుకు డబ్బెక్కడిది? లాటరీ టికెట్లు, విందులు, విరాళాలు. 2006 నుంచి జరుగుతున్న క్రాఫ్ట్ హాకీవిల్ పోటీలో గెలిచిన ఊరికి రింక్ మరమ్మతుకు రెండున్నర లక్షల డాలర్లు, ఎన్‌హెచ్‌ఎల్ ప్రీ-సీజన్ ఆట దక్కుతాయి. 2020లో అగ్నిప్రమాదంలో అరీనా పోగొట్టుకున్న న్యూ బ్రన్స్‌విక్‌లోని ఎల్సిపొగ్టొగ్ అనే మిక్మాక్ ఆదివాసీ సమాజం 2021లో దాన్ని గెలిచింది. సంతోషమే. కానీ ఒక ఊరి ప్రాథమిక సదుపాయం ఓట్ల పోటీ మీద ఆధారపడటం మంచి విధానం అనిపించుకోదు, ఎందుకంటే ఓడిన ఊళ్ల పైకప్పులు కూడా కారుతూనే ఉంటాయి. ఉత్తరాన నునావుట్‌లో పరిస్థితి మరీ కష్టం. రాంకిన్ ఇన్‌లెట్‌కు వేరే ఊళ్ల నుంచి రోడ్డే లేదు, టోర్నమెంటుకు పోవాలంటే విమానం ఎక్కాలి. అక్కడ పెరిగిన జోర్డిన్ టూటూ 2003లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన మొదటి ఇనూక్ (ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసీ) ఆటగాడయ్యాడు.

కొత్తగా వలస వచ్చినవాళ్లకు అడ్డంకి ఇంకా ముందే మొదలవుతుంది. క్రికెట్ బ్యాటు ఎవరైనా పట్టుకోగలరు, స్కేట్ల మీద నిలబడటమే నేర్చుకోవాల్సిన విద్య. అది వచ్చాకే హాకీ. 2008లో మొదలైన పంజాబీ హాకీ వ్యాఖ్యానం ఇళ్లలో తాతలను, మనవళ్లను ఒకే టీవీ ముందు కూర్చోబెట్టింది. బ్రాంప్టన్, మిస్సిసాగా, కాల్గరీ, ఎడ్మంటన్‌లలో ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలకు కూడా స్కూల్లో స్నేహితుల మధ్య హాకీ మాట తప్పదు. తల్లిదండ్రులకు మాత్రం ఫీజు, గేర్, పొద్దుటి ఆరింటి డ్రైవింగ్ అన్నీ కొత్త టెన్షన్లే. అలాంటివాళ్లకు మునిసిపాలిటీలు నడిపే 'లెర్న్ టు స్కేట్' క్లాసులే మొదటి గుమ్మం. ఆ క్లాసులకు చోట్లు ఎన్ని అన్నది కూడా ఐస్ టైమ్‌ను బట్టే ఉంటుంది.

గంట లెక్క లేని ఐస్ ఒక్కటే ఉండేది, ఆరుబయటిది. బ్రాంట్‌ఫర్డ్‌లో, తర్వాత హాకీలో అతి గొప్ప ఆటగాడిగా పేరుపడ్డ వేన్ గ్రెట్జ్‌కీకి తండ్రి వాల్టర్ ఇంటి వెనక నీళ్లు పోసి రింక్ చేసి ఇచ్చాడు. అక్కడ గంటలకొద్దీ సాధన చేసి వేన్ అంతవాడయ్యాడు. ఎడ్మంటన్‌లో పేట పేటకూ ఉన్న కమ్యూనిటీ లీగ్‌ల వాలంటీర్లు ఇప్పటికీ రాత్రిపూట పైపు పట్టుకుని ఐస్ కడతారు. అయితే చలికాలం నమ్మకం తప్పుతోంది. ఒట్టావాలో 7.8 కిలోమీటర్ల రిడో కాలువ స్కేటింగ్ దారి 1970-71లో మొదలైనప్పటి నుంచి ఏటా తెరుచుకుంది. 2022-23లో మొదటిసారి ఒక్కరోజు కూడా తెరవలేకపోయారు. ఇంటి వెనక ఐస్ కట్టుకునే రోజులు తగ్గితే ఆ పిల్లలందరూ యంత్రపు ఐస్ క్యూలోకే వస్తారు. టొరంటో నగరం యాభైకి పైగా ఆరుబయట రింకులను యంత్రాలతో చల్లబరిచి, వేళలు కేటాయించి ఉచితంగా తెరుస్తుంది. చలికాలపు సాయంత్రం అక్కడికి స్టిక్ పట్టుకుని వచ్చిన పిల్లవాడిని ఏ టీమ్ అని గానీ, ఫీజు కట్టావా అని గానీ ఎవరూ అడగరు. లైట్లు ఆర్పేదాకా ఆడుకుని ఇంటికి వెళ్తాడు.